మేనేజరు తమ్ముడు

"పక్క కౌంటర్ దుర్గాశ్రీ నా కొంప ముంచిందమ్మా!" చీరల షాపు నుంచి వస్తూనే ఆశాజ్యోతి బ్యాగు విసిరికొట్టింది.

తల్లి ప్రసన్నకుమారి వంటింట్లోంచి పరుగున వచ్చింది. "ఉద్యోగం తీసేశారా ఏంటే?"

"తీసేసినా బాగుణ్ణు! నేను వేరే షాపులో ఉద్యోగం అడిగానని, ఇంటికొచ్చి ఏడుస్తున్నానని మేనేజరు అందరి ముందూ చెప్పి నవ్వించాడు. 'చీరల మీద ఏడవకమ్మా, మరకలు పడతాయి' అన్నాడు. నీకూ, దుర్గాశ్రీకీ తప్ప ఎవరికి తెలుసు? దాన్ని చెడామడా తిట్టేసి వచ్చాను. ఇక దాని మొహం చూడను."

ఏదో ఒక సాయంత్రం పిల్ల ఇంటికొచ్చే దారిలో వంతెన మీంచి దూకేస్తుందేమోనన్న భయంతో, మొన్న మేనేజరుకి ఫోన్ చేసి బతిమాలింది ప్రసన్నకుమారే. "తమ్ముణ్ణనుకుని అంతా చెప్పండి అక్కయ్యగారూ, పిల్లని కడుపులో పెట్టుకుని చూసుకుంటాను" అన్నాడు. ఆ పిలుపుకి కరిగిపోయి, ఒక్కటీ దాచకుండా చెప్పేసింది.

ఇంతలో ఫోన్ మోగింది. అతనే. ఎత్తకుండా ఊరుకుంటే తప్పు దుర్గాశ్రీ మీదే ఉండిపోతుంది. ప్రసన్నకుమారి కూతురి ముందే స్పీకర్ నొక్కింది.

"అక్కయ్యగారూ, పిల్ల ఇంటికొచ్చిందాండీ? ఇంకేమైనా అంటోందా?"

ఆశాజ్యోతి తల్లి వైపు ఓసారి చూసి, విడిచిన చెప్పులు మళ్లీ వేసుకుంది.

"దుర్గాశ్రీ ఇంటికి వెళ్తున్నాను" అంది. ఈసారి 'అమ్మా' అని పిలవలేదు.