అంజినప్ప కారులో ఈల

“నిలుపప్పా కారు! ఆ ఈల నా చెవుల్ని తోడేస్తా ఉండాది!” ముందు సీట్లోంచి కాటయ్య అరిచాడు.

మధుగిరి దాటినప్పటి నుంచీ అదే గోల. కారు వేగం అందుకుంటే చాలు, ఎక్కడి నుంచో సన్నగా ఈల. గతుకుల్లో వేగం తగ్గితే ఆగిపోతుంది. డ్రైవరు అంజినప్పకు తల కొట్టేసినట్టుంది. ఆ పాత అంబాసిడరును ఒక్క మాట అంటే పడేవాడు కాదతను.

“ఏం చేసేది తాతా, దీనికి చెప్పేది చెవిటోని ముందర శంఖం ఊదినట్టే...” అని నవ్వబోయి నాలుక కరుచుకున్నాడు.

వెనక సీట్లో కాటయ్య కోడలు నల్లమ్మ విననట్టే కిటికీ వైపు తిరిగింది. ఆమె ఒళ్లో రెండేళ్ల కూతురు రంగి. పొద్దున తుమకూరులో డాక్టరు బిడ్డ వెనక నిలబడి చప్పట్లు కొట్టాడు, గంట వాయించాడు. “పుట్టు చెవుడమ్మా. మాటలు కూడా రావు. ఆశ పెట్టుకోవద్దు” అని తేల్చేశాడు. అంతకుముందు ఇంట్లో వీళ్లూ తక్కువ చేయలేదు. పళ్లేలు మోగించారు, గుడి దగ్గర తప్పెట కొట్టించారు. అయినా ఏదో మూల ఆశ ఉండేది నల్లమ్మకు. ఇప్పుడు అదీ లేదు.

“ఇంజన్లో ఏమన్నా పోయిందేమో సూడు” అన్నాడు కాటయ్య.

“ఇంజనో గాలో ఇప్పుడే తేల్చేస్తా.” ముందున్న పల్లంలో అంజినప్ప ఇంజను ఆపేసి కారును జారనిచ్చాడు. ఇంజను చప్పుడు పోయింది, ఈల పోలేదు. “సూసినావా తాతా? ఇంజను తప్పేమీ లేదు. ఇది గాలి పనే.”

మళ్లీ ఇంజను వేసి, అద్దాలన్నీ ఎక్కించమన్నాడు. ఎక్కించారు. లోపల ఉడికిపోయారే గానీ ఈల ఆగలేదు.

“ఒక్కో అద్దాన్నీ అరచేత్తో నొక్కు తాతా. యాడ నొక్కితే నిలిచిపోతాదో ఆడ ఉండాడు దొంగ.”

కాటయ్య గొణుక్కుంటూ నొక్కసాగాడు. “ఈల అంటే గొర్రెలకప్పా. పసిబిడ్డలుండే తావ మావోళ్లు ఎవురూ ఈల వెయ్యరు. ఈల ఇన్న బిడ్డ ఇంటి పట్టున ఉండదు, మంద ఎనకాల పోతాది.”

“ఈ బిడ్డకు ఆ భయం యాడిది లే మామా” అంది నల్లమ్మ.

ముసలాయన తలుపు అద్దానికి ముందుండే మూడు మూలల చిన్న అద్దం మీద ఊరికే చెయ్యి వేశాడు. ఈల ఠక్కున ఆగింది.

అంజినప్ప కారు ఆపి దిగి చూశాడు. వానల్లేని ఎండలకు చేలే కాదు, ఆ అద్దం చుట్టూ ఉన్న రబ్బరు కూడా బీటలిచ్చింది. తన తుండుగుడ్డ అంచు చింపి, తడిపి, లోపలి వైపు నుంచి ఆ సందులో కూరాడు. రంగి చిరచిరలాడుతుంటే, ఊగుతున్న బండి నిలిచినందుకేమో అనుకుంది నల్లమ్మ.

కారు మళ్లీ కదిలింది. వేగం అందుకుంది. ఈల లేదు.

“అబ్బా, పానం లేసొచ్చినట్టుండాది” అన్నాడు కాటయ్య.

అప్పుడే రంగి గుక్కపట్టి ఏడ్చింది. నల్లమ్మ నీళ్లు పట్టింది, ఉమ్మేసింది. నాలుగు చెనక్కాయ విత్తనాలు చేతిలో పెట్టింది, విసిరికొట్టింది. భుజాన వేసుకుని ఊపినా ఊరుకోలేదు. కారు ఊగుతూనే ఉంది. మరి ఇంతసేపూ ఉండి ఇప్పుడు లేనిదేమిటి?

నల్లమ్మ బిడ్డను ఎత్తుకునే ముందుకు వంగి, మామ పక్కనున్న చిన్న అద్దం సందులోంచి గుడ్డ లాగేసింది. ఈల మొదలైంది.

“ఏందమ్మా ఆ పని?” అని కాటయ్య కసిరాడు.

“అంత కష్టపడి కూరింటినే అక్కా!” అన్నాడు అంజినప్ప.

నల్లమ్మ బిడ్డ ముఖమే చూస్తోంది. ఏడుపు ఆగింది. గుడ్డ మళ్లీ కూరింది. ఏడుపు. లాగింది. ఆగింది.

“గాలి తగిలి ఊరుకుందేమో లే అక్కా” అన్నాడు అంజినప్ప మెల్లగా.

“కారు నిలుపు” అన్నాడు కాటయ్య. “ఇంజను కూడా ఆపెయ్. అద్దాలు దించు.”

ముసలాయన దిగి కారు వెనక్కి నడిచాడు. బిడ్డకు కనబడనంత దూరం పోయి, చెనక్కాయ చేను గట్టు మీద నిలబడ్డాడు. గాలి కూడా నిలిచిపోయి ఉంది. కరువులో మంద అమ్మేసిన నాటి నుంచి వేళ్లు నోట్లో పెట్టి ఎరగడాయన. కాసేపు తటపటాయించాడు. తరువాత రెండు వేళ్లు పెదాల మధ్య పెట్టుకుని, పొట్టేళ్లను పిలిచే ఈల వేశాడు.

తల్లి ఒళ్లో రంగి గిరుక్కున వెనక్కి తిరిగి, తాత కోసం వెతుక్కుంది.