బిళ్ళ వేడి

"వంటింట్లోకి పోమాక అక్కా. పిల్ల బిళ్ళేసుకుంది" అంది బుల్లెమ్మ, పొద్దున్నే వచ్చిన పక్కింటావిడతో.

ఆవిడ వినలేదు. నేరుగా లోపలికి వెళ్ళి బుల్లెమ్మ కోడలు రేవతిని అడిగేసింది.

"ఏమే, ఏమన్నా విశేషమా?"

"మీ ఇంట్లోనే ఉండాలి పెద్దత్తయ్యా. మీ అబ్బాయి ఈసారన్నా డిగ్రీ పాసయ్యాడా?"

పక్కింటావిడ విసురుగా బయటికొచ్చింది. బుల్లెమ్మ గేటు దాకా వెంటబడి సర్దిచెప్పింది. "ఏమనుకోమాక అక్కా. మందు వేడి."

రేవతికి పీసీఓడీ. అండాశయాల్లో నీటిబుడగలున్నాయని, పిల్లలు కావాలంటే మందులు వాడాలని నరసరావుపేట డాక్టరమ్మ చెప్పింది. మిరప కోతలప్పుడు బిళ్ళలు మొదలుపెట్టారు. పాపం, ఆ పిల్ల నరకం చూసింది. ఒళ్ళంతా ఆవిర్లు, తలనొప్పి, వాంతులు, ఊరికే ఏడుపు. బుల్లెమ్మే పక్కన కూర్చుని వీపు నిమిరేది. "చిరాకు కూడా ఎక్కువుంటుంది. ఎవరూ ఎదురు చెప్పొద్దు" అని డాక్టరమ్మ ఇంటిల్లిపాదికీ గట్టిగా చెప్పి పంపింది.

ఆ తర్వాత ఆసుపత్రికి రేవతి ఒక్కతే బస్సెక్కి పోయొచ్చేది. మొగుడు తేజకి తీరిక ఉండదు మరి.

పోనుపోను వాంతులు తగ్గాయి. తలనొప్పి తగ్గింది. కోపం మాత్రం నిలిచిపోయింది.

"తిన్న కంచం ఎవరిది వాళ్ళే కడుక్కోవాలి" అంది తేజతో. తేజ కడుక్కున్నాడు.

మామ నరసింహారావు మండలంలో పేరున్న నాయకుడు. ఎస్సైని కూడా నువ్వంటాడు. "మామయ్యా, మీ మనుషులకు పూటకో బిందెడు టీ కాయడం నావల్ల కాదు" అనేసరికి ఫ్లాస్కు పట్టుకుని తనే హోటలుకు నడిచాడు.

బుల్లెమ్మ అన్నీ చూస్తూ ఉండేది. పెళ్ళయిన నాటి నుంచి ఆవిడ మొగుడికి ఎదురు చెప్పింది లేదు. ఎదురు చెప్పడానికి సరిపడా రోగం ఆవిడకు ఎప్పుడూ రాలేదు.

పత్తి తీతలు మొదలయ్యేసరికి నరసింహారావుకు ఓపిక అయిపోయింది. బొల్లాపల్లి నుంచి సంబంధాలు చూసే మధ్యవర్తిని పిలిపించి హాల్లో కూర్చోబెట్టాడు.

"ఈ పిల్లని పెద్దమనుషుల్లో పెట్టి పంపించేస్తాం. మావాడికి ఇంకో సంబంధం చూడు."

తేజ ఫోన్లోంచి తలెత్తలేదు. రేవతి వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

మజ్జిగ తెస్తున్న బుల్లెమ్మ, గ్లాసులతో సహా పళ్ళేన్ని నేలకేసి కొట్టింది.

"లేవయ్యా! ముందు బయటికి నడు!"

మధ్యవర్తి చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తాడు. బుల్లెమ్మ మొగుడి వైపు తిరిగింది.

"ఏం మనిషివయ్యా నువ్వు? నీకు మనవడు కావాలని ఆ పిల్ల పేగులు తెగేట్టు కక్కుకుంటే, ఒక్క రోజన్నా గ్లాసెడు మంచినీళ్ళిచ్చావా? ఇంకోసారి ఆ మాటెత్తితే బయటికి పోయేది అది కాదు, నువ్వు. ఈ ఇల్లు మా నాయన నా పేరున కట్టించాడు!"

నరసింహారావు నోరు తెరుచుకుపోయింది. "ఏందే... పిచ్చిగానీ పట్టిందా?"

బుల్లెమ్మ ఒక్క క్షణం తడబడింది. తర్వాత నుదురు పట్టుకుని సోఫాలో కూలబడింది.

"ఏమోనయ్యా. పొద్దున నా బీపీ బిళ్ళనుకుని పిల్ల బిళ్ళ మింగినట్టున్నా. ఒళ్ళంతా ఒకటే ఆవిర్లు."

"ఎన్నాళ్ళుంటదిరా ఇది?" నరసింహారావు గొంతు తగ్గించి కొడుకుని అడిగాడు.

"ఎదురు చెప్పమాక నాన్నా" అంటూ తేజ చీపురు తెచ్చాడు. తండ్రీకొడుకులిద్దరూ వంగి గాజుముక్కలు ఊడ్చారు.

రేవతి అత్తని వంటింట్లోకి తీసుకెళ్ళి గట్టిగా వాటేసుకుంది. కళ్ళనిండా నీళ్ళు, పెదాల మీద నవ్వు.

"మీరు మింగింది ఏ బిళ్ళో నాకు తెలీదుగానీ అత్తయ్యా," చెవిలో గుసగుసలాడింది, "నాకు పడటం లేదని నా బిళ్ళలు డాక్టరమ్మ ఎండాకాలంలోనే మాన్పించేసింది."