పక్క సీటు

పందెం నడిపేవాళ్లు రెండే మాటలు చెప్పారు. కారులో ఒక్కరే ఉండాలి. అందరికన్నా చివర వచ్చినవాడికి తన మనిషి దక్కదు.

దర్జీ భార్యను మెడలో కొలతల టేపుతోనే తీసుకుపోయారు. బస్సు డ్రైవరు కూతుర్ని బడి నుంచి. మిగతా కార్లన్నీ ఎప్పుడో ముందుకు పోయాయి. వెనకబడింది వీళ్లిద్దరే.

అర్ధరాత్రి దాటాక, ముందు పోతున్న డ్రైవరు కారులో, పక్క సీట్లో రెండు జడలు కనిపించాయి. పిల్ల వెనక్కి తిరిగి నవ్వింది. దర్జీకి కడుపు మండింది. వాడి కూతుర్ని అప్పుడే వదిలేశారన్నమాట.

పెట్రోలు బంకులో ఇద్దరూ ఆగారు.

"నీకేం అన్నా, పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని దర్జాగా పోతున్నావు."

డ్రైవరు చురుగ్గా చూశాడు. "ఎగతాళా తమ్ముడూ? నా పిల్ల ఇంకా వాళ్ల దగ్గరే ఉంది. మీ ఆవిడే నీ పక్కన కునుకు తీస్తోంది, మెళ్లో టేపేసుకుని. ఇందాకట్నుంచీ అద్దంలో చూసి చూసి నా కళ్లు కుట్టాయి."

ఇద్దరూ రెండు కార్ల వైపూ చూశారు. రెండు పక్క సీట్లూ ఖాళీ.

దర్జీ కారెక్కి, బెల్టు పెట్టుకుని, తాళం తిప్పాడు. టింగు టింగుమని మోత మొదలైంది. పక్కన కూర్చున్న మనిషి బెల్టు పెట్టుకోకపోతే ఆ కారు అలాగే మోగుతుంది.

అతను పక్కకు తిరగలేదు.

"బెల్టు పెట్టుకోవే," అన్నాడు మెల్లగా.

టక్కుమంది. మోత ఆగిపోయింది.

అవతల డ్రైవరు కళ్లార్పకుండా ఈ సీటు వంకే చూస్తున్నాడు. గమ్యం ఇంకా నలభై మైళ్లు. ఇక తొందరపడాలో అక్కర్లేదో దర్జీకి తెలియలేదు.