ఐర్లండు పిడకలు

హైడెల్‌బర్గ్, 12-5-1976

ఇందూ,

నేను పోయినసారి పంపిన కార్డు మీద ఉన్నవి నువ్వనుకున్నట్టు పిడకలు కావు. ఐర్లండువాళ్లు పొయ్యిలోకని నేలలోంచి కోసి ఎండబెట్టుకున్న, కట్టెల్లా మండే మట్టి పెళ్లలు.

అలాంటి పాత ఫొటోలు ఇక్కడ ప్రదర్శనకు పెడితే చూడ్డానికి వెళ్లాం. మీ నాన్న ఉద్యోగం ఖాయం చేయాల్సిన ప్రొఫెసరూ మాతో వచ్చాడు.

"అచ్చం మన పిడకల్లాగే ఉన్నాయిరా" అన్నాను.

"అమ్మా, ఆయన ముందు పేడ సంగతి ఎత్తకు" అన్నాడు మీ నాన్న.

ఏమన్నానని ప్రొఫెసర్ అడిగాడు. బీఏ ఊరికే చదవలేదు గనక నేనే ఇంగ్లీషులో చెప్పాను. ఆయన మురిసిపోయి మనింటి పిడకల గోడ ఫొటో కావాలన్నాడు.

"తప్పకుండా సార్, అది మా సంప్రదాయం" అన్నాడు మీ నాన్న.

మనింట్లోకి గ్యాసు పొయ్యి వచ్చి మూడేళ్లయింది. కాబట్టి పక్కింటివాళ్ల గోడ దగ్గర నిలబడి ఫొటో తీయించుకుని పంపు. ముక్కు మాత్రం మూసుకోకు.

నాన్నమ్మ