కథల పొంతన

ఇంటింటి గోడా అడిగిన కథను అప్పటికప్పుడు సినిమాగా అల్లి చూపించే రోజులు వచ్చాక, పెళ్ళిళ్ళకు జాతకాలు చూడటం మానేశారు. ఎవరు ఏ రకం కథలు చూస్తారో ఆ చిట్టాలే కలిపి చూస్తున్నారు. తెనాలిలో హరిణికి వచ్చిన సంబంధం సరిగ్గా అక్కడే బెడిసింది. ఆమె చూసేవన్నీ దెయ్యాల కథలు. పెళ్ళికొడుకు భార్గవ చూసేవన్నీ ఏడుపు కథలు.

"పొంతన సున్నా. కాఫీ తాగి బయల్దేరదాం," అన్నాడు భార్గవ తండ్రి.

హరిణి ఉసూరుమంది. ఆ అబ్బాయి నవ్వు ఆమెకు అప్పటికే నచ్చేసింది.

"ఏడవటానికి సినిమా ఎందుకండీ?" అని ధైర్యం చేసి అతన్నే అడిగింది.

"ఊరికే ఏడిస్తే ఏమైందని పదిమంది అడుగుతారు. సినిమా చూసి ఏడిస్తే ఎవరూ అడగరు. మరి మీకు దెయ్యాలెందుకు?"

"గంటసేపు హడలిపోయి లైటు వేసుకుంటే, మన ఇల్లు ఎంత ముద్దొస్తుందో!"

పెద్దలు కాఫీ తాగేలోగా ఒక దెయ్యం కథ చూద్దామని ఆమె గోడకు చెప్పింది. గోడ మీద ఒక బావిలోంచి జుట్టు విరబోసుకున్న దెయ్యం లేచింది. పెద్దలు కుర్చీలు వెనక్కి జరుపుకున్నారు. హరిణి హాయిగా వణికిపోతూ పక్కకు చూసేసరికి, భార్గవ వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు.

"భయమేసిందా?"

"కాదండీ. పాపం, అందరూ పారిపోయేవాళ్ళే. ఆవిణ్ణి పలకరించినవాడు ఒక్కడూ లేడు."

ఇన్నేళ్ళలో హరిణికి ఆ సంగతి తట్టనే లేదు. ఆమె తండ్రి వైపు తిరిగింది.

"నాన్నా, ముహూర్తం పెట్టించండి. దెయ్యం మీదే ఇంత జాలి ఉన్న మనిషి, నన్నింకెంత బాగా చూసుకుంటారో!"