ఓలి ఆవు చెప్పిన మాట

జాంబియాలో ఆవుల మెడపట్టీలకు మాటలొచ్చాక పెళ్లిసంబంధాల్లో అబద్ధం చెల్లడం మానేసింది. పెళ్లికూతురికి ఓలి కింద మగపెళ్లివారు తోలుకొచ్చిన ఆవును అడిగితే చాలు, ఏం తిన్నదో, ఎవరు పెట్టారో పట్టీ గడగడా ఒప్పజెబుతుంది.

కూతురి సంబంధం నచ్చని ముదెందా ఆ పట్టీల మీదే ఆశ పెట్టుకున్నాడు. గడ్డిపరక దొరకని ఎండాకాలం కదా, మగపెళ్లివారి ఆవులు ఎముకల గూళ్లై వస్తాయి, వచ్చిన దారినే తిప్పి పంపేయొచ్చు అనుకున్నాడు. తీరా చూస్తే ఆరింటికి ఆరూ నిగనిగలాడుతూ దిగాయి.

"ఏం తిన్నావే?" అని ఎర్రావును నిలదీశాడు.

"నెల నుంచీ మేత చిక్కుడు," అంది పట్టీ.

ముదెందాకు ఒళ్లు మండింది. సరిగ్గా నెల నుంచే అతని చేలో ఎండకు వాడని చిక్కుడు తీగ మాయమవుతోంది. ఏ పాపమూ ఎరగని అడవిపందుల్ని రోజూ నోటికొచ్చినట్టు తిడుతున్నాడు.

"ఎవరు పెట్టారు?"

"పెళ్లికూతురు. మోపు ఎత్తేది వాళ్లమ్మ."

పెళ్లికొడుకు తండ్రి దగ్గొచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు. ముదెందా భార్య మాత్రం తొణక్కుండా కుర్చీలు తెచ్చి వేసింది.

"మీ నాన్న మా ఇంటికి తోలుకొచ్చిన ఆవుల్ని మేపిందెవరనుకున్నావు? అప్పట్లో వాటికి నోళ్లు లేవు కాబట్టి బతికిపోయావు. కూర్చో."