ఒక్క రాత్రి నిలవని రేకులు

“మళ్ళీ ఆగిపాయ మేడం!”

అబ్దుల్ వాహిద్ ఆటో దిగి, వెనక సీటు కింద బిగించిన ఇనుప పెట్టెను తాకి చూశాడు. పెట్టె కాలిపోతోంది. గ్యాస్ మాత్రం లేదు. ప్రొద్దుటూరు దాటి నాలుగు కిలోమీటర్లు కూడా రాలేదు. జమ్మలమడుగులో ప్రాజెక్టుకు డబ్బిచ్చే కమిటీ వాళ్ళు కుర్చీలేసుకుని ఎదురుచూస్తున్నారు.

మంజుశ్రీ రోడ్డు పక్కన కంకర కుప్ప మీద కూలబడింది. పులివెందులలో ఇంజనీరింగ్ కాలేజీ మేష్టరమ్మ ఆమె. పెట్టెలో ఉన్న ప్లాస్టిక్ రేకులు ఆమె ఆరేళ్ళ చాకిరీ. అవి హైడ్రోజన్‌ని తమలోకి పీల్చుకుని దాచుకుంటాయి. బండెడు బరువున్న సిలిండర్ అక్కర్లేదు, పేలుతుందన్న భయం లేదు. ఆటోను పెట్రోల్ మీద స్టార్ట్ చేస్తే, సైలెన్సర్ వేడికి పెట్టెలో నీళ్ళు కాగుతాయి. ఆ వేడికి రేకుల్లోని హైడ్రోజన్ బయటికొచ్చి ఇంజన్‌కి అందుతుంది, ఇక పెట్రోల్ కట్టేసి దాని మీదే నడపాలి. జమ్మలమడుగు దాకా ఒక్కసారి నడిచి చూపిస్తే ప్రాజెక్టు నిలుస్తుంది. మూడు అవకాశాలిచ్చారు. ఇది మూడోది.

వెనక జీపులోంచి డిపార్ట్‌మెంట్ హెడ్ ఈశ్వరయ్య దిగాడు. మొహంలో బాధ లేదు సరికదా, నేను ముందే చెప్పలేదా అన్న సంబరం కనపడుతోంది.

“ఏమ్మా, ల్యాబ్‌లో మూడు నెలలు నిలిచిందని రాస్తివి. ఈడ ఒక్క రాత్రికే ఖాళీ అయితాందే?”

“ల్యాబ్‌లో నిలిచింది సార్. మీరూ చూసినారు కదా.”

“నేను చూసింది కంప్యూటర్‌లో అంకెలు. అంకెలు ఎవరైనా కొట్టచ్చు.”

మంజుశ్రీకి ఒళ్ళు భగ్గుమంది. పనికిరానిదని తిట్టినా పడేదేమో, దొంగ లెక్కలు రాసిందంటే ఎలా పడుతుంది!

“యాడన్నా పైపు లీకయితాందేమో. ఈ ఆటో మెకానిక్‌ని నమ్ముకుంటే ఇంతే” అన్నాడు ఈశ్వరయ్య మళ్ళీ.

వాహిద్ ఊరుకుంటాడా! “సార్, ఇరవై ఏండ్లనుంచి ప్రొద్దుటూర్లో ఆటో నడుపుకుంటా, ఆటోలకు గ్యాస్ కిట్లు బిగిస్తాండా. సబ్బునీళ్ళు పోసి సూడండి. ఒక్క బుడగ వస్తే రేపట్నుంచి స్పానర్ పట్టను.”

పోసి చూశారు. ఒక్క బుడగ రాలేదు. వాహిద్ పరువు దక్కింది. మంజుశ్రీ కొంప మునిగింది. పైపుల్లో తప్పు లేకపోతే తప్పంతా రేకులదే కదా మరి!

ఆమెకు పిచ్చెక్కినట్టయింది. ఎక్కడ జరిగింది పొరపాటు? మూడుసార్లూ పులివెందుల ల్యాబ్‌లో రేకుల్ని తనే నింపింది. సాయంత్రం బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చి, వాహిద్ ఇంట్లో అప్పగించి, చుట్టాలింటికి వెళ్ళి పడుకుంది. “నిప్పు దగ్గర పెట్టొద్దు, ఎండ తగలనీయొద్దు” అని వంద జాగ్రత్తలు చెప్పింది. వాహిద్ భార్య దిల్షాద్‌బీ వాటిని బీరువాలో పెట్టి తాళం కూడా వేసింది. పొద్దున్నే వాహిద్ తీసి పెట్టెలో బిగించాడు.

ఒక్క క్షణం వాహిద్ మీదికే పోయింది మనసు. హైడ్రోజన్ ఆటోలొస్తే ఇతని గ్యాస్ కిట్లు ఎవరిక్కావాలి? వెంటనే సిగ్గుపడింది. సొంత ఆటో ఇచ్చి, బేరాలు మానుకుని తన వెంట తిరుగుతున్న మనిషిని ఇంత మాట అనుకుంటుందా!

“బాధపడాకండి మేడం” అన్నాడు వాహిద్. “ఇంగోసారి సూద్దాం.”

“ఇంకోసారి లేదు భాయ్” అంది మంజుశ్రీ.

నిజంగానే లేదు. మర్నాడు పులివెందుల కాలేజీలో ఈశ్వరయ్య రాయించిన కాగితం సిద్ధంగా ఉంది. ‘ఈ ప్లాస్టిక్‌కు హైడ్రోజన్‌ను నిలవ ఉంచే గుణం లేదు. ల్యాబ్‌లో నేను చూపిన అంకెలు నమ్మదగినవి కావు.’ సంతకం పెడితే ఉద్యోగం మిగులుతుంది, లేకపోతే విచారణ. పెట్టింది. ఇంట్లో పక్షవాతంతో పడుకున్న నాయన మందులకు ఆమె జీతమే దిక్కు. పౌరుషం ఎవరికి లేదు? నెల తిరక్కుండా ల్యాబ్ వేరేవాళ్ళకిచ్చారు. మిగిలిన రేకుల్ని చెత్తబండికెత్తారు. స్టాఫ్ రూములో ఆమె వస్తే మాటలాగిపోయేవి.

ఒక ఆదివారం ప్రొద్దుటూరొచ్చింది. ఆ దంపతులకు మొహం చూపించి ఒక్క మాట చెప్పుకోకపోతే నిద్ర పట్టేలా లేదు. వాహిద్ బేరానికి పోయాడు. దిల్షాద్‌బీ వంటింటి ముందు చాప పరిచి, టీ పెట్టి ఇచ్చింది.

“శానా చిక్కిపోయినావు తల్లీ.”

“మీకు కూడా తలవంపులు తెస్తినక్కా. తప్పంతా నాదే. ఆ రేకులు ఒక్క రాత్రి కూడా నిలవలేదు. ఆరేళ్ళు ఊరికే పిచ్చిదాన్లా పనిచేసినా” అంటూ మంజుశ్రీ ఏడ్చేసింది. అందరి ముందూ బిగబట్టిన ఏడుపంతా ఆ వంటింటి గడప దగ్గర బయటపడింది.

దిల్షాద్‌బీ కొంగుతో ఆమె కళ్ళు తుడిచింది.

“నీ తప్పేముండాదమ్మా? పెద్దోళ్ళకు కండ్లమంట. నీ కోసరం మేమేం తక్కువ చెయ్యలే. దేవునికి తెలుసు.”

“తెలుసక్కా. బీరువాలో పెట్టి మరీ కాపాడినావు.”

“అంతేనా? నీ రేకులు సూస్తే మసిగుడ్డల మాదిరి ఉండె. దాని మీద బస్సు దుమ్మొకటి. కమిటీవాళ్ళు సూసే సామాను అట్లనే పంపితే నీకే కదా తల్లీ నామోషీ?” దిల్షాద్‌బీ ఆమె తల నిమిరింది. “మీ భాయ్ నిద్ర లేచేలోపలే లేసి, పొయ్యి ముట్టిచ్చి...”

మంజుశ్రీ చేతిలో టీ గ్లాసు ఆగిపోయింది.

“మూడుసార్లూ మసిలే నీళ్ళల్లో కడిగి పెడితిని.”